గడప నుంచి గొళ్ళెం దాకా

పోయిన వారం మనం టైలరమ్మను నోటినిండా గుండుసూదులతో వదిలేసి వచ్చాం. ఆమె బ్యాంకు మేడం కోటుకు భుజం దగ్గర వదులు పట్టి సూదులు గుచ్చుతోంది. ఆ మేడం అద్దంలో తనను చూసుకుంటూ, ఎండ ఎక్కువగా ఉందని చెప్పినంత మామూలుగా, "మీ ఇంటి అప్పు ఎప్పుడో తీరిపోయింది కదండీ, ఆ దస్తావేజులు వచ్చి పట్టుకెళ్ళరేం? రెండు వేసవుల నుంచీ మా దగ్గరే పడి ఉన్నాయి" అంది. నోట్లో సూదులు ఉండబట్టి టైలరమ్మ ఏమీ అనలేకపోయింది. అదీ మేలే అయింది. లేకపోతే ఆ క్షణంలో ఏ మాట వచ్చేదో ఆమెకే తెలియదు.

మేడం వెళ్ళిపోయాక సూదులు ఒక్కొక్కటీ తీసి డబ్బాలో వేసింది. మిషన్ ముందు కూర్చుంది. కాలు పెడల్ మీదే ఉంది కానీ తొక్కలేదు.

ఈ సంగతి మరే రోజు తెలిసినా ఆమె ఒక పూట ఏడ్చి, ఒక పూట అలిగి ఊరుకునేదేమో. కానీ అది వాచీల తాత పెట్టిన గడువు రోజు. వీధి మలుపులో ఉన్న ఆయన కొట్టు చిన్నదే. అగ్గిపెట్టెకు తలుపు పెట్టినట్టుంటుంది. కానీ దానికి రెండు పక్కలా వెలుతురు, ముందు నలుగురూ నడిచే దారి. తాతకు చూపు ఆనడం లేదు. కొట్టు వదిలేసి చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు. ఆ వరసలో కొట్లు చేతులు మారే పద్ధతి ఒకటుంది. పాత మనిషి ఆఖరి రోజు దీపం ఆర్పేలోగా కొత్త మనిషి తన పనిముట్టు ఏదైనా తెచ్చి లోపల పెట్టాలి. పెడితే కొట్టు వాళ్ళది. అడ్వాన్సులూ కాగితాలూ తర్వాతి సంగతి. తాత కూడా అలాగే పట్టకారు పెట్టి లోపలికి వచ్చినవాడే.

"నీ మిషన్ చప్పుడు నా గడియారాలకు చెల్లెలి వరస. నువ్వొస్తే నా కొట్టు ఊరుకోదు, ఆడుతూనే ఉంటుంది" అని ఆయన ఆమెను ఎన్నాళ్ళుగానో అడుగుతున్నాడు. అడిగినప్పుడల్లా ఆమెది ఒకటే జవాబు. "అప్పు తీరనివ్వు తాతా. రెండు చోట్ల డబ్బు పొయ్యలేను." ఇస్త్రీ ఆయన కూడా ఆ కొట్టు మీద కన్నేశాడని తెలిసి, ఆఖరికి తాతే గడువు పెట్టాడు. "శుక్రవారం నేను దీపం ఆర్పేదాకా అది నీకోసమే ఉంటుంది. ఆ తర్వాత నన్ను అనకు."

ఇవాళ శుక్రవారం. అప్పు ఉందనే ఆమె ఈ కొట్టును కళ్ళతో చూసి చేతులు వెనక్కి పెట్టుకుంది. ఆ అప్పేమో లేదు.

అసలు ఆ అప్పును వాళ్ళు తీర్చుకున్న తీరు చెప్పాలి. లేకపోతే ఆమె కడుపులో మంట మనకు అర్థం కాదు.

ఇల్లు కొన్న కొత్తలో బ్యాంకు చెప్పిన గడువు విని కరెంటాయన గుడ్లు తేలేశాడు. కరెంటాయన అంటే టైలరమ్మ భర్తే. ఊళ్ళో ఏ ఇంట్లో దీపం వెలగకపోయినా ఆయనకే కబురు. "అప్పటికి నాకు పళ్ళుండవు, ఇంటికి పెచ్చులుండవు" అన్నాడు. అప్పుడే మొగుడూ పెళ్ళాం ఒట్టేసుకున్నారు, సగం గడువులోనే తీర్చిపారేయాలని. పొదుపు ఆమె వంతు, చెల్లింపు ఆయన వంతు. నెలనెలా కట్టాల్సింది కట్టాక ఏం మిగిలినా ఆమె ఆయన చేతిలో పెట్టేది. ఆయన పట్టుకెళ్ళి అసలులో జమ చేసేవాడు.

మిగల్చడమంటే మాటలా? అరిగిపోయిన సబ్బును కొత్త సబ్బు వీపుకు అతికించేవాళ్ళు. బస్సెక్కే దూరాలన్నీ "గాలి మారుతుంది" అనుకుంటూ నడిచేవాళ్ళు. కూతురు పిట్ట గౌన్లన్నీ గిరాకీల బట్టల్లో మిగిలిన ముక్కలే. ఒక్క గౌనులో వీధి మొత్తం ఉండేది. ఛాతీ మీద పోస్టుమాస్టరు గారి చొక్కా, నడుముకు నర్సమ్మ గారి కర్టెన్, చేతులకు ఎవరిదో పెళ్ళి కోటు లోపలి గుడ్డ. పిల్ల వీధిలో నడుస్తుంటే ఎవరి ముక్క వాళ్ళు గుర్తుపట్టి మురిసిపోయేవాళ్ళు. పిట్టకు చాలా రోజుల వరకూ అందరి గౌన్లూ అలాగే ఉంటాయని నమ్మకం.

ఇక చీకటి పడితే ఇల్లంతటికీ ఒకే దీపం, మధ్యగదిలో. మిషన్, పిట్ట పుస్తకాలు, కరెంటాయన బాగుచేసే ఫ్యాన్లూ రేడియోలూ అన్నీ ఆ వెలుగులోకే చేరేవి. ఊరందరికీ వెలుగు పంచే మనిషి ఇంట్లో ముప్పాతిక ఇల్లు చీకటి. వచ్చినవాళ్ళు "దీపం కింద చీకటంటే ఇదేనయ్యా" అని నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వారు. ఆ గదిలో మాటకు కొదవుండేది కాదు. తమ ఇంట్లో వస్తువులకు ఏం రోగమొచ్చిందో గిరాకీలు చెప్పే తీరును కరెంటాయన గొంతు మార్చి చేసి చూపించేవాడు. "మా ఫ్యాను అలిగిందండీ, పిలిస్తే తిరగట్లేదు" అనే ముసలమ్మ గొంతు ఆయనకు మహా బాగా వచ్చేది. టైలరమ్మ నవ్వీ నవ్వీ కుట్టు వంకర పోయేది. మళ్ళీ విప్పి కుట్టుకోవాల్సి వచ్చినా ఆమెకు బాధ ఉండేది కాదు.

వీటన్నిటినీ మించింది ఇల్లు విడిపించే ఆట. అసలులో జమ పడిన రోజున కరెంటాయన గుమ్మంలోనే నిలబడి చాటింపు వేసేవాడు. "ఈ నెల గడప మనదైందహో!" మొట్టమొదట విడిపించింది గడపనే. ముగ్గురూ దాన్ని తడిగుడ్డతో తుడిచి, పనేమీ లేకపోయినా లోపలికీ బయటికీ నాలుగుసార్లు దాటారు. తర్వాత వంటింటి కిటికీ. ఆ తర్వాత పొయ్యి గట్టు. విడిపించని చోట్లన్నీ బ్యాంకువి. ఈ విషయంలో పిట్ట మహా కచ్చితం. చుట్టపుచూపుగా వచ్చిన ఒక పెద్దమ్మ గోడవారగా చేరగిలబడితే "దానికి ఆనుకోకండి పెద్దమ్మా, అది బ్యాంకు వాళ్ళది" అంది. ఆవిడ దిగ్గున లేచి వీపు దులుపుకుంది.

అలా గోడలయ్యాయి, కప్పయింది, పెరటి తలుపయింది. ఆపైన విడిపించేవి చిన్నవి కావడం మొదలైంది. స్నానాలగది కొళాయి. బట్టలారేసే తీగ. అద్దం వేలాడే మేకు. పోయిన నెల వీధి తలుపు గొళ్ళెం.

"గొళ్ళేలు కూడా తాకట్టులో ఉన్నాయటండీ?" అని ఆమె నవ్వింది.

"అప్పుకి తోక పొడుగోయ్" అన్నాడాయన. తనూ నవ్వాడు.

ఆ నవ్వు ఇప్పుడు గుర్తొచ్చి టైలరమ్మకు ఒళ్ళు మండిపోయింది. లేచింది. మధ్యగదిలో దీపం వేసింది. ముందుగదిలో వేసింది. వంటింట్లో, పెరటి గుమ్మంలో, స్నానాలగదిలో, ఆఖరికి పాత సామాన్ల గదిలో కూడా వేసింది. ఆ గదిలో స్విచ్ ఎక్కడుందో తడుముకుని వెతుక్కోవాల్సి వచ్చింది.

పొద్దు వాలుతుండగా కరెంటాయన వీధి చివర కనిపించాడు. ఇంటి వంక చూడగానే ఆయన నడక కాస్తా పరుగైంది. సంచీ గుమ్మంలో పడేసి, "ఏమైంది? ఎవరికేమైంది?" అంటూ లోపలికి వచ్చాడు. ఎవరికీ ఏమీ కాలేదని తెలిశాక ఆయన చెయ్యి దానంతటది స్విచ్ మీదికి వెళ్ళింది. ముందుగది దీపం ఆర్పాడు.

ఆమె వచ్చి వేసింది.

ఆయన వంటింట్లోకి వెళ్ళి ఆర్పాడు. ఆమె వెనకే వెళ్ళి వేసింది. టేబుల్ దగ్గర చదువుకుంటున్న పిట్ట పుస్తకం మూసి ఇద్దరినీ చూస్తోంది. పిట్ట ఇప్పుడు గౌన్ల పిల్ల కాదు, అమ్మ కంటే పొడుగు.

"ఏమిటోయ్ ఇది? ఏం పండగని ఇన్ని దీపాలు?"

"ఆర్పకండి. బ్యాంకు మేడం వచ్చి వెళ్ళింది."

స్విచ్ మీద చెయ్యి అక్కడే ఆగిపోయింది. కరెంటు పని చేసే మనిషికి షాక్ కొట్టడం కొత్త కాదు. అయినా అంత పాలిపోయిన మొహం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"ఎప్పుడు తీరింది?" అని అడిగింది.

"ఏది?"

"పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు చెయ్యకండి. ఎప్పుడు తీరింది?"

ఆయన ముందుగది అంచున కుర్చీలో కూర్చున్నాడు. వాళ్ళు ఎప్పుడూ కూర్చోని కుర్చీ అది. "పిట్టకి ఆ పెద్ద జ్వరం తగ్గిన వేసవి" అన్నాడు. "ఆ రోజు రసీదు పట్టుకుని గాల్లో తేలుతూ వచ్చానోయ్. వీధిలోనే అరవాలనుకున్నాను. గుమ్మం దాకా వచ్చాను. లోపల మీరిద్దరూ నవ్వుతున్నారు. పిట్ట నా గొంతుతో ఆ ముసలమ్మని చేసి చూపిస్తోంది. ఇల్లంతా చీకటి, మీరు మాత్రం ఆ దీపం కింద ఉన్నారు. నాకు నోరు రాలేదు."

"ఎందుకు రాలేదు?"

"చెప్పేస్తే ఏమవుతుందో కళ్ళకి కట్టింది. పిట్ట ఈ గదిలో దీపం వేసుకుని తలుపేసుకుంటుంది. నువ్వు కొట్టు పెట్టుకుని పోతావు. నేను ఆ మధ్యగదిలో ఫ్యానుతో కబుర్లాడుకుంటూ కూర్చుంటాను. ఒక్క నెల ఆగుదాం అనుకున్నాను. ఆ నెల పోయి ఇంకో నెలొచ్చింది. ఆలస్యమయ్యేకొద్దీ చెప్పడం మరీ కష్టమైపోయింది."

"మరి నేను నెలనెలా చేతిలో పెట్టిన డబ్బు?"

"పైసా ముట్టుకోలేదు. అంతా నీ పేరు మీదే వేశాను. కావాలంటే ఆ మేడంనే అడుగు."

టైలరమ్మ తల ఊపింది. ఆ మాట నిజమేనని ఆమెకు తెలుసు. ఆయన డబ్బు తినే మనిషి కాదు.

"డబ్బు నా పేరు మీద వేశారు, సరే. నా రెండేళ్ళు ఎవరి పేరు మీద వేశారు?"

ఆయన కుర్చీ చేతి మీద పేరుకున్న దుమ్మును వేలితో తుడిచాడు.

"తాత కొట్టు ఇస్తానని ఇంటికొచ్చి అడిగాడే, ఆ రోజు నేనేమన్నాను?"

"అప్పు తీరాక చూద్దాం అన్నావు."

"మీరెక్కడున్నారు?"

"పక్కనే."

"ఏం చేస్తున్నారు?"

"రేడియోకి స్క్రూ బిగిస్తున్నాను" అన్నాడు చాలా చిన్న గొంతుతో.

ఆమెకు ఏడుపు వచ్చింది. కోపంతో కాదు. ఆ మధ్యగది అంటే తనకూ ప్రాణమే, అదీ బాధ. ఆ సాయంత్రాలను ఎవరైనా కొనుక్కుంటామని వస్తే ఏ ధరకూ ఇవ్వదు. "నాకు మాత్రం ఇష్టం లేదనుకున్నారా?" అంది కళ్ళు తుడుచుకుంటూ. "మీరు వచ్చి, 'అప్పు తీరిపోయింది, అయినా ఇంకొన్నాళ్ళు ఇలాగే ఒక దీపం కింద ఉందామే' అని ఉంటే, నేనే సరేననేదాన్నేమో. నన్నడగలేదు మీరు. నేను ప్రతి ముక్కా కూడబెట్టి ఇల్లు విడిపిస్తున్నాననుకుంటూ ఉంటే, మీరు నన్ను అందులో పెట్టి గొళ్ళెం వేశారు."

"అమ్మా" అంది పిట్ట. "నాక్కూడా తెలుసు."

ఇద్దరూ తిరిగి చూశారు.

"నాన్న కొళాయిని రెండుసార్లు విడిపించాడమ్మా. మొదటిసారి మనం దాని కింద చేతులు కడుక్కుని పండగ చేసుకున్నాం కూడా. మళ్ళీ ఏడాదికి 'కొళాయి మనదైందహో' అన్నాడు. నువ్వు కుట్టులో ఉండి పట్టించుకోలేదు. నేను పెరట్లోకి పట్టుకెళ్ళి అడిగితే ఒప్పుకున్నాడు. నీకు చెప్పొద్దన్నాడు."

"చెప్పొద్దంటే ఊరుకున్నావా?"

పిట్ట పుస్తకం అంచు గిల్లుతూ కూర్చుంది. "స్కూలు నుంచి వస్తుంటే మలుపు దగ్గరికే మన మిషన్ చప్పుడు వినిపించేది. అది వినపడితే నాకు ధైర్యం. నువ్వు కొట్టుకెళ్ళిపోతే ఇంట్లో ఆ చప్పుడు ఉండదనుకున్నాను. అప్పుడు నాకు అంతే తోచిందమ్మా. తర్వాత ఆలోచిస్తే సిగ్గేసింది. అప్పటికే ఆలస్యమైంది."

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ ఇంట్లో దొంగలు ఇద్దరు, పైగా ఇద్దరూ ప్రేమగానే దోచారు. అలాంటి దొంగల మీద ఎవరికి ఫిర్యాదు చేయాలో టైలరమ్మకు తెలియలేదు. చెంగుతో మొహం తుడుచుకుని కిటికీలోంచి చూసింది. బయట ఇంకా పూర్తిగా చీకటి పడలేదు.

"ఇంకేమైనా దాచారా? ఉంటే ఇప్పుడే చెప్పేయండి. ఇప్పుడైతే అన్నీ కలిపి ఒకేసారి ఏడుస్తాను."

కరెంటాయన నోరు తెరిచాడు. నేల వంక చూశాడు. "ఏం లేదు" అన్నాడు.

"అయితే లేవండి. మిషన్ ఎత్తండి."

"ఇప్పుడా? రేపు పొద్దున్నే..."

"తాత గడువు ఇవాళ. రేపు పొద్దున అనే మాట ఈ ఇంట్లో చాలా విన్నాను."

బల్ల మోసుకెళ్ళే టైము లేదు, పైన మిషన్ చాలు. పనిముట్టు లోపల పెడితే సరిపోతుంది. ఆమె బెల్టు తప్పించింది. ఆయన స్క్రూలు విప్పాడు. రోజుకు పది స్క్రూడ్రైవర్లు తిప్పే చేతికి ఆ రెండు స్క్రూలు విప్పడానికి ఇవాళ చాలాసేపు పట్టింది. చంటిపిల్లను ఎత్తుకున్నట్టు మిషన్‌ను రెండు చేతులతో గుండెకు ఆనించుకున్నాడు. దారాల డబ్బా పిట్ట పట్టుకుంది. ఇంట్లో దీపాలన్నీ అలాగే ఉంచి ముగ్గురూ బయటపడ్డారు.

కొంచెం దూరం వెళ్ళాక టైలరమ్మ వెనక్కి తిరిగింది. అన్ని కిటికీల్లోంచీ వెలుగు వీధిలోకి పడుతోంది. ఆ ఇంట్లో ఇన్నేళ్ళు ఉండి, అది ఇంత పెద్దదని ఆమెకు తెలియదు. ఎవరిదో కలిగినవాళ్ళ ఇల్లులా ఉంది.

"మనదేనమ్మా" అంది పిట్ట, ఆమె మనసులో మాట విన్నట్టు.

టైలరమ్మ కోపంలో ఉండి కూడా ఒక్క క్షణం నవ్వింది. ఆయన మాత్రం ఇంటి వైపు చూడలేదు. అడుగు తీసి అడుగు వేయడానికి ఏదో అడ్డం పడుతున్నట్టు వెనకబడి నడుస్తున్నాడు. "బరువుగా ఉందా నాన్నా?" అని పిట్ట అడిగితే మిషన్‌ను ఇంకాస్త పైకి ఎత్తి పట్టుకున్నాడు.

మలుపు తిరిగారు. వాచీల తాత కొట్టులో దీపం ఇంకా వెలుగుతోంది. అది చూసి టైలరమ్మ గుండె కుదుటపడింది. నడక పెంచి, మెట్టు ఎక్కి లోపలికి వెళ్ళింది.

గోడల మీద గడియారాలు లేవు. అవి వేలాడిన చోట్ల మాత్రం సున్నం తెల్లగా, గుండ్రంగా మిగిలింది. తాత కంటికి బిగించుకునే అద్దాన్ని గుడ్డలో చుట్టి పెట్టెలో సర్దుకుంటున్నాడు. ఆమెను చూసి ఆయన మొహం వెలగలేదు. అదే ఆమెకు వింతగా తోచింది.

"తాతా, వచ్చేశాను. దీపం ఆర్పలేదుగా? వెనకాల మిషన్ వస్తోంది. ఎక్కడ పెట్టమంటావు?"

తాత బల్ల వైపు చూశాడు. ఆమె కూడా చూసింది. దాని మీద మడత పెట్టిన పాత దుప్పటి, దుప్పటి మీద నల్లగా, నున్నగా ఒక ఇస్త్రీ పెట్టె ఉన్నాయి.

"ఇదేమిటి తాతా?"

"ఇస్త్రీ ఆయనది తల్లీ. ఇందాకే పెట్టి వెళ్ళాడు."

"దీపం ఆర్పేదాకా నాకోసం ఆగుతానన్నావు కదా?" అంది ఆమె. "నువ్వు మాట తప్పే మనిషివి కాదే!"

"తప్పలేదమ్మా. ఆగేవాణ్ణే. మధ్యాహ్నం మీ ఆయన వచ్చి, నువ్వు బాగా ఆలోచించుకుని వద్దనుకున్నావనీ, నాకు మొహం చూపించలేక తనను పంపావనీ చెప్పాడు. నేనెంత బాధపడ్డానో ఆయన్నే అడుగు. ఆ తర్వాతే ఇస్త్రీ ఆయనకు కబురు చేశాను."

"నాన్నా!" అంది పిట్ట, బయట మెట్ల దగ్గర.

కరెంటాయన మెట్టు కింద ఆగిపోయి ఉన్నాడు. చేతుల్లో మిషన్ అలాగే ఉంది. లోపలికి తెచ్చి పెట్టడానికి చోటు లేదు. ఆయన మాటల కోసం వెతుక్కుంటూ, "కొట్టు పోతే నువ్వు ఇక ఆ మాట ఎత్తవనుకున్నాను... నువ్వింతలోనే వస్తావని..." అని ఆపేశాడు.

టైలరమ్మ ఆయన వైపు తిరగలేదు. "తాతా, నువ్వు ఇంకాసేపు దీపం ఆర్పకు. ఇస్త్రీ ఆయన ఇల్లు ఎటువైపో చెప్పు."

"చెప్తాను. కానీ తల్లీ, ఆయనా పిల్లలు గలవాడే. ఎండలో బండి దగ్గర నిలబడీ నిలబడీ ఈ నీడ దొరికిందని ఇందాక ఇక్కడే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. వెళ్ళి ఏమని అడుగుతావు?"

ఆమెకు ఇంకా తెలియదు. తెలియకుండానే మెట్టు దిగింది.

"నేనూ వస్తాను. నేను చేసిన తప్పు నేనే చెప్తాను" అన్నాడు కరెంటాయన.

"మీరు రావద్దు" అంది ఆమె. "ఇక్కడే నిలబడండి. చేతులు పడిపోయినా సరే. నేను వచ్చేలోగా దాన్ని తీసుకెళ్ళి ఇంట్లో దించారో, నేను ఆ ఇంటికి రాను."